పై బిట్లు తెగిన అడ్రస్

పేట్ బషీరాబాద్‌లో ఇల్లు, పక్కనే జీడిమెట్ల పారిశ్రామికవాడలో ఉద్యోగం. మందుల కంపెనీల కోల్డ్ రూముల్లో ఉష్ణోగ్రతలు నమోదు చేసే యంత్రాలు తయారుచేసే చిన్న సంస్థలో లినక్స్ డ్రైవర్లు రాసేవాణ్ణి. సెన్సర్ల రీడింగులను ఒక పీసీఐ కార్డు పోగుచేసి, ప్రాసెసర్‌ను కదిలించకుండా తానే మెమరీలో రాసేస్తుంది. దీన్నే డీఎంఏ అంటారు. ఎక్కడ రాయాలో ఆ కార్డుకు అడ్రస్ చెప్పడం నా డ్రైవర్ పని. ఆ అడ్రస్ నేను తప్పు చెప్పాను. తప్పు నాదని తేలేలోపు దాన్ని ఎవరెవరి మీదికో నెట్టాను. డ్రైవర్లు రాసే పిల్లలకు పనికొస్తుందని ఆ సంగతి చెబుతున్నాను.

డ్రైవర్ రాసింది ఆఫీసులోని పాత కంప్యూటర్ మీద. అందులో ఉన్నది 2 జీబీ ర్యామ్. కెర్నల్‌లో మెమరీ ఇచ్చే కేమాలక్‌తో ఒక బఫర్ తీసుకుని, దాని పాయింటర్‌ను 'వర్ట్ టు ఫిజ్'తో ఫిజికల్ అడ్రస్‌గా మార్చి, 32 బిట్లకు కాస్ట్ చేసి కార్డు రిజిస్టర్‌లో రాశాను. కార్డు పాతది, దాని రిజిస్టర్ వెడల్పే 32 బిట్లు. రీడింగులు మొదటిరోజే చకచకా వచ్చాయి. నెలల తరబడి నడిచినా ఎక్కడా తేడా రాలేదు. కెర్నల్ పత్రాల్లో డీఎంఏ అధ్యాయం చదవాల్సిన అవసరం నాకు కనిపించలేదు. పనిచేస్తున్నదాన్ని మళ్లీ చదవడం ఎందుకనుకున్నాను.

తర్వాత మేడ్చల్ దారిలో ఒక ఫ్యాక్టరీకి యంత్రం వెళ్లింది. అక్కడి కంప్యూటర్‌లో ఒక 2 జీబీ స్టిక్, ఒక 4 జీబీ స్టిక్, మొత్తం 6 జీబీ. ఆన్ చేయగానే రీడింగులన్నీ సున్నాలు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన గదికి మా తెర సున్నా చూపిస్తుంటే, సరుకు గడ్డకడుతోందేమోనని వాళ్లు హడావిడిగా పక్క గదిలోకి మార్చుకున్నారు. దానికి తోడు మా యంత్రంతో సంబంధమే లేని ప్రోగ్రాములు ఉన్నట్టుండి కూలిపోయేవి.

మొదట వైరింగ్‌ను అనుమానించాను. ఎర్తింగ్ సరిగా లేదని అందరి ముందూ ఆ ఫ్యాక్టరీ వైర్‌మన్‌ను అన్నాను. వయసులో నాకంటే పెద్దాయన. లైన్లన్నీ మళ్లీ విప్పి, బిగించి, "వైరు మంచిగనే ఉంది సార్, మల్లొక్కసారి మీ డబ్బా చూస్కోండి" అన్నాడు. ఆ మాట నాకు పొగరులా వినిపించింది. నిజానికి ఆరోజు అక్కడ సరైన నిర్ధారణ చేసింది ఆయనొక్కడే.

తర్వాత ర్యామ్ మీద పడ్డాను. 4 జీబీ స్టిక్ తీసేసి చూస్తే అంతా సవ్యంగా నడిచింది. ఇంకేం కావాలి, స్టిక్ చెడిపోయిందని తీర్పు ఇచ్చేశాను. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కు వెళ్లి, అమ్మిన దుకాణదారుతో వాదించి, కొత్తది తీసుకొచ్చి పెట్టాను. మళ్లీ సున్నాలే. తీసేస్తే బాగుంది, పెడితే చెడింది కాబట్టి లోపం పెట్టినదానిలోనే ఉందనుకున్నాను. ఆ స్టిక్ చేసిందల్లా ఒక్కటే: మెమరీని 4 జీబీ గీత దాటించింది. నా కోడ్‌లో ఎప్పట్నుంచో ఉన్న లోపం అప్పుడు బయటపడింది.

32 బిట్లతో చెప్పగలిగే అడ్రస్‌లు 4,29,49,67,296. అంటే సరిగ్గా 4 జీబీ. 2 జీబీ కంప్యూటర్‌లో ఏ బఫర్ తీసుకున్నా అది ఈ గీత లోపలే ఉంటుంది. 6 జీబీ కంప్యూటర్‌లో కెర్నల్ బఫర్‌ను 5 జీబీ దగ్గర ఇచ్చిందనుకోండి. నా కాస్ట్ పై బిట్లను కత్తిరించేస్తుంది, మిగిలేది 1 జీబీ. కార్డు పాపం చెప్పిన చోటే రాసింది. ఆ 1 జీబీ దగ్గర ఇంకెవరి డేటానో ఉంది. నా బఫర్‌లో మాత్రం తీసుకున్నప్పుడు నింపిన సున్నాలు అలాగే ఉండిపోయాయి. సున్నాలు ఎందుకు వచ్చాయో, పరాయి ప్రోగ్రాములు ఎందుకు కూలాయో రెంటికీ ఇదే జవాబు.

దీన్ని పట్టించింది ఒక సీనియర్ స్నేహితుడి సలహా. బయోస్‌లో వీటీ-డీ ఆన్ చేసి, కెర్నల్‌లో ఐవోఎంఎంయూను లేపి చూడమన్నాడు. పరికరాలు మెమరీలో తమకు కేటాయించని చోటును ముట్టుకుంటే అడ్డుకుని కెర్నల్‌కు చెప్పే హార్డ్‌వేర్ అది. లేపగానే లాగ్ నిండా ఫిర్యాదులు. అందులోని అడ్రస్‌ను నా డ్రైవర్ ముద్రించిన అడ్రస్ పక్కన పెట్టాను. హెక్స్‌లో నాదానికి 9 అంకెలు, లాగ్‌లోనిదానికి 8. చివరి ఎనిమిదీ అచ్చుగుద్దినట్టు ఒకటే. అప్పుడు గుర్తొచ్చింది వైర్‌మన్ మాట.

ఇక్కడ అసలు విషయం చెప్పాలి. కెర్నల్‌లో పనిచేసేవాడు ఒకే మెమరీకి మూడు అడ్రస్‌లు ఉంటాయని గుర్తుపెట్టుకోవాలి. కోడ్ వాడే పాయింటర్ వర్చువల్ అడ్రస్. పేజీ టేబుళ్ల గుండా వెళ్లాక ప్రాసెసర్ మెమరీకి పంపేది ఫిజికల్ అడ్రస్. అదే మెమరీని బస్ మీదున్న పరికరం పిలిచే పేరు బస్ అడ్రస్, దీన్నే డీఎంఏ అడ్రస్ అనీ అంటారు. మా పేట్ బషీరాబాద్‌లో ఒకే జాగాకు రెవెన్యూ వాళ్లు సర్వే నంబరు, లేఅవుట్ వేసినవాళ్లు ప్లాట్ నంబరు, మున్సిపల్ కార్పొరేషన్ వాళ్లు ఇంటి నంబరు చెబుతారు. మూడూ నిజమే. ప్లాట్ నంబరు పట్టుకుని తహసీల్దార్ ఆఫీసుకు వెళితే మాత్రం పని జరగదు.

సాధారణ పీసీలో ఐవోఎంఎంయూ లేనంతకాలం ఫిజికల్, బస్ అడ్రస్‌లు ఒకటే అంకెగా ఉంటాయి. నన్ను చెడగొట్టింది ఆ సౌకర్యమే. ఇది కొత్త ముచ్చట కూడా కాదు. అడాప్టెక్ ఏహెచ్ఏ-1542 అనే స్కజీ కార్డు డ్రైవర్‌కు వచ్చిన సవరణ మీద లైనస్ టోర్వాల్డ్స్ రాసిన వివరణ చాలాకాలం లినక్స్ పత్రాల్లో ఉండేది. పీసీలో సరిపోయే లెక్క ప్రెప్ తరహా పవర్‌పీసీలో సరిపోదని అందులో చూపించాడు. ప్రాసెసర్‌కు సున్నా దగ్గర కనిపించే మెమరీ అక్కడి పరికరానికి 2 జీబీ దగ్గర కనిపిస్తుంది. నేను ఉద్యోగంలో చేరేనాటికే ఆ కాగితం పాతబడింది. నేను చదవలేదు, అంతే.

దిద్దుబాటు చాలా చిన్నది. ముందుగా, ఈ కార్డుకు 32 బిట్లకు మించి చేతకాదని డీఎంఏ మాస్క్ ద్వారా కెర్నల్‌కు చెప్పాలి. తర్వాత 'డీఎంఏ అలాక్ కోహెరెంట్'తో బఫర్ అడగాలి. అది రెండు అడ్రస్‌లు ఇస్తుంది: కోడ్ వాడుకోవడానికి వర్చువల్ పాయింటర్ ఒకటి, కార్డుకు ఇవ్వడానికి డీఎంఏ అడ్రస్ ఒకటి. ఒకదాన్నుంచి ఇంకొకటి మనం లెక్కగట్టకూడదనే రెండూ చేతికిస్తుంది. గీతకు కింద చోటు వెతకడమా, ఐవోఎంఎంయూలో దారి వేయడమా అన్నది కెర్నల్ చూసుకుంటుంది.

బుద్ధి అంతటితో వచ్చిందనుకుంటే పొరపాటే. తర్వాతి యంత్రాన్ని రాస్‌బెర్రీ పై మీదికి మార్చాం. దాని చిప్పు పత్రంలో జీపీఐవో రిజిస్టర్ల అడ్రస్ హెక్స్‌లో 7ఈతో మొదలవుతుంది. రిజిస్టర్లను కోడ్‌కు అందించే ఐవోరీమ్యాప్‌కు దాన్నే ఇచ్చి, ఏదీ కదలడం లేదేమని కూర్చున్నాను. ఆ పత్రంలో ఉన్నది బస్ అడ్రస్. ప్రాసెసర్‌కు అవే రిజిస్టర్లు మొదటి పైలో 20తో, రెండు మూడు తరాల్లో 3ఎఫ్‌తో, నాలుగో తరంలో ఎఫ్‌ఈతో మొదలవుతాయి. ఇవన్నీ డ్రైవర్‌లో రాసుకునే అంకెలు కావు. బోర్డు వివరాలుండే డివైస్ ట్రీని అడిగితే ఏ బోర్డుకు ఆ బోర్డు అడ్రస్ వస్తుంది. మొదటిసారి ఫిజికల్ అడ్రస్‌ను కార్డుకు ఇచ్చాను, రెండోసారి బస్ అడ్రస్‌ను ప్రాసెసర్‌కు ఇచ్చాను. తప్పు ఒకటే, దిక్కు మారింది.

ఇన్నేళ్ల తర్వాత చూసుకుంటే, అడ్రస్‌ల గురించి తెలియకపోవడం పెద్ద నేరంగా అనిపించదు. తెలియనిది తెలుసుకోవచ్చు. కెర్నల్ నాకు చెప్పబోతే నోరు మూయించడం అసలు నేరం. ఫిజికల్‌కు ఒక టైపు, డీఎంఏకు ఒక టైపు, పరికరపు రిజిస్టర్లకు 'ఐవోమెమ్' అనే గుర్తు పెట్టి ఉంచారు. ఆ గుర్తు ఉన్న పాయింటర్‌ను మామూలు మెమరీలా ముట్టుకుంటే స్పార్స్ అనే సాధనం హెచ్చరిస్తుంది. 2003లో లైనస్ మొదలుపెట్టింది అది. రిజిస్టర్లను చదవడానికి రీడ్‌ఎల్, రాయడానికి రైట్‌ఎల్ వాడమని పత్రాలు పోరుపెడతాయి. నేను మాత్రం హెచ్చరిక వచ్చిన ప్రతి చోటా ఒక కాస్ట్ వేసి ముందుకు పోయాను. "నాకు తెలుసు, నువ్వు ఊరుకో" అని కంపైలర్‌తో అనడమే కాస్ట్. నాకు తెలియదు. తెలుసని దబాయించాను. వైర్‌మన్ దగ్గరా, ర్యామ్ దుకాణంలోనూ చేసింది అదే.

మళ్లీ ఆ ఫ్యాక్టరీకి వెళ్లినప్పుడు వైర్‌మన్‌ను వెతికి, తప్పు నా డబ్బాలోనే ఉందని నలుగురి ముందూ చెప్పాను. ర్యామ్ దుకాణదారుకు ఫోన్ చేశాను. వెనక్కిచ్చిన స్టిక్ మంచిదని ఆయన అప్పటికే పరీక్షించి చూసుకున్నాడట.

అమీర్‌పేటలో కోర్సు చేసి, తొలి ఉద్యోగంలో తొలి డ్రైవర్ రాస్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పేది ఇది. అడ్రస్ ఉన్న ప్రతి వరుస దగ్గరా ఆగి, ఇది కోడ్ వాడేదా, ప్రాసెసర్ పంపేదా, పరికరం చూసేదా అని అడగండి. జవాబు రాకపోతే పత్రం తీయండి. 2 జీబీ కంప్యూటర్‌లో నడిచిందని సంబరపడకండి. ఎక్కువ మెమరీతో, ఐవోఎంఎంయూ ఆన్ చేసి, వేరే ప్రాసెసర్ మీద కూడా నడిపి చూడండి. స్పార్స్ హెచ్చరికలు సున్నా అయ్యేదాకా కోడ్ పంపకండి. కాస్ట్ రాయక తప్పకపోతే ఎందుకు రాశారో పక్కనే ఒక వాక్యం రాయండి. ఆ వాక్యం రాయడం చేతకాకపోతే ఆ కాస్ట్ తప్పు.