కండె చుట్టిన చేయి

సిద్దిపేట గొల్లభామ చీరకు భౌగోళిక గుర్తింపు గలదు. చల్లకుండను తల కెత్తుకొన్న భామ బొమ్మను జూచి జనులు నేతగానిని మెచ్చుకొందురు. కండెలు చుట్టిన ఇల్లాలిని తలచువారు అరుదు.

చిలపలోని నూలును రాట్నముతో కండె కెక్కించుట సులభమని తోచును. కాని చుట్టు వదులైనచో నాడెలో పేకనూలు జారి చిక్కుపడును. మిక్కిలి బిగించినచో తెగును. ఈ రెంటి నడుమ నుండవలసిన బిగువు ఆమె వ్రేళ్లకే తెలియును.

“అమ్మా, దీనికి కూలి యెంత?” అని ఒకామెను అడిగితిని.

“ఇంటి పనికి కూలేంది సారూ!” అని ఆమె నవ్వినది. చేయి మాత్రము ఆగలేదు. ఆ చేయి ఆగినచో మగ్గమును ఆగును.

బాలబాలికలారా! చీర వెలను లెక్కించునపుడు నేతతోపాటు ఆ శ్రమను గూడ లెక్కింపవలెను. లేనిచో ఆ లెక్క తప్పు.