బతికే ఉన్నామండీ!

నవంబరు వస్తే పింఛనుదారులకు ఓ పరీక్ష. బతికే ఉన్నామని రుజువు చూపించాలి. లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే పింఛను ఆగిపోతుంది. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చాక వేలిముద్ర వేస్తే చాలన్నారు. అరవై ఏళ్లు అంట్లు తోమిన వేళ్లకు ముద్రలెక్కడ మిగులుతాయి? 2021 నుంచి ఫోన్ కెమెరాకు ముఖం చూపించినా సరిపోతోంది. కాకపోతే రెండు యాప్‌లు, ఆధార్, పీపీఓ నంబరు, ఓటీపీ... పెద్దవాళ్లకు కంగారే.

బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాన్నేను. మూడేళ్లుగా నవంబరు నెలంతా మా కాలనీ సంఘం గదిలో పొద్దున్న పది నుంచి ఒంటిగంట దాకా నేనూ, మరో ఇద్దరూ కూర్చుంటున్నాం. ముగ్గురం అరవై దాటినవాళ్లమే. వచ్చేవాళ్లు మాకంటే పెద్దవాళ్లు.

"కళ్లు ఆర్పండి బాబాయిగారూ" అంటే గట్టిగా మూసేసుకుంటారు. ఓటీపీ వచ్చే ఫోనేమో ఇంట్లో ఛార్జింగ్‌లో ఉంటుంది. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని హెచ్చరించేదీ మేమే, అడగాల్సిందీ మేమే! అందుకే వాళ్ల చేతే టైపు చేయిస్తాం. ఆలస్యమవుతుంది. అవనీ.

పోయినేడాది ఎనభై మూడేళ్ల పిన్నిగారొకరు వచ్చారు. ఆయన పోయాక వచ్చే ఫ్యామిలీ పింఛనే ఆవిడకు ఆధారం. కళ్లద్దాల మీద ట్యూబ్‌లైటు మెరిసి మూడుసార్లు ఫెయిలైంది. వరండాలోకి తీసుకెళ్లి, అద్దాలు తీయించి, ఎండ వైపు నిలబెడితే అయ్యింది.

"ఇప్పుడు నేను బతికున్నట్టేనా అమ్మా?" అన్నారు. గదంతా నవ్వింది. ఆవిడ మాత్రం నవ్వలేదు. "మందులకి అబ్బాయిని అడగక్కర్లేదు ఇంక" అని కొంగుతో కళ్లు తుడుచుకున్నారు.

చురుకైన వృద్ధాప్యం గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో వేసిన పత్రంలో ఆరోగ్యంతో పాటు భాగస్వామ్యం, భద్రత కూడా ఉన్నాయి. మనవాళ్లు మొదటిదే పట్టుకుని వాకింగ్ షూస్ కొనిపెడతారు. భాగస్వామ్యమంటే అక్టోబరు ఒకటిన శాలువా కప్పడం అనుకుంటారు. అమెరికాలోని బాల్టిమోర్‌లో అరవై దాటినవాళ్లను వారానికి 15 గంటలు బడికి పంపి, చిన్నపిల్లలకు చదువులో సాయం చేయించారు. జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు దాన్ని ఏళ్లతరబడి గమనించారు. నాకు నచ్చింది ఆ 15 గంటలే. అది కాలక్షేపం కాదు, పని.

మాలో ఒకాయనకు మోకాళ్ల నొప్పులు. ఇంట్లో మంచినీళ్ల గ్లాసు కూడా తీసుకోరట. ఇక్కడికి మాత్రం తొమ్మిదిన్నరకే వచ్చి కుర్చీలు సర్దుతారు. రాకపోతే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారని ఆయనకు తెలుసు.

నవంబరు ఆఖర్న వాళ్లావిడ నన్ను పట్టుకున్నారు. "డిసెంబర్లో ఈయనకేం పని చెబుతారు వదినా?"

పక్క వీధి సర్కారు బడిలో మూడో తరగతి పిల్లల చేత చదివించడానికి హెడ్‌మాస్టరు గారిని అడిగాం. సోమవారం రమ్మన్నారు.