రెండు మిషన్లు

మా ఇంట్లో రెండు మిషన్లుండేవి. ఒకటి షోకేసులో, ఒకటి వసారాలో. షోకేసులోది రైలింజను. ఓడలో పనిచేసే స్నేహితుడొకాయన విశాఖలో దిగినప్పుడు నాన్నకి తెచ్చిచ్చాడు. దాన్ని బొమ్మ అంటే నాన్న ఒప్పుకునేవాడు కాదు, 'మోడల్' అనాలి! అసలు ఇంజనుని 87వ వంతుకి కుదించి, 16.5 మిల్లీమీటర్ల ఎడమున్న పట్టాల మీద, 12 వోల్టుల డీసీ కరెంటుతో నడిచేలా చేసిన వస్తువది. వసారాలోది అమ్మ కుట్టుమిషను. దానికి ఏ హోదా లేదు. ఊళ్ళోవాళ్ళ జాకెట్లు, గౌన్లు కుట్టి మా ఫీజులు కట్టింది మాత్రం అదే.

సబ్బవరానికి రైలు రాదు. రైలెక్కాలంటే అనకాపల్లికో పెందుర్తికో పోవాలి. అందుకేనేమో మా పిల్లలందరికీ ఆ ఇంజనంటే అంత మోజు. ఆదివారాలు నాన్న పట్టాలు బిగించేవాడు. అన్నయ్య కంట్రోలరు తిప్పేవాడు. నేను చూసేదాన్ని. అమ్మ కింద దుప్పటి పరిచేది, ఆటయ్యాక మడతపెట్టేది. కొన్నేళ్ళకి ఇంజను ఆగిపోయింది. ఆగాక కూడా దాని దుమ్ము దులిపింది అమ్మే. విప్పి చూడమని ఆమెతో ఎవరూ అనలేదు.

ఈ ఏర్పాటు మా ఒక్క ఇంటిది కాదు. ఇంగ్లండులో ఫ్రాంక్ హార్న్‌బీ 1901లో మెకానోకి పేటెంటు తీసుకున్నాడు. 1920లో కీ ఇచ్చే రైళ్ళు అమ్మడం మొదలెట్టాడు. ఆ కంపెనీ 1916 నుంచి నడిపిన పత్రిక మాట్లాడిందంతా మగపిల్లలతోనే. రైలుబొమ్మ అంటే తండ్రి కొడుక్కిచ్చే కానుక అన్న బొమ్మని ప్రపంచమంతా అలా ముద్రేశారు. దాని వెనకున్న మాటని జూడీ వైజ్‌మన్ 1991లో 'ఫెమినిజం కన్‌ఫ్రంట్స్ టెక్నాలజీ'లో వివరంగా చెప్పింది. మగవాళ్ళు చేసే పనినే సాంకేతికత అని లెక్కగట్టి, ఆడవాళ్ళ చేతిలోని నైపుణ్యాన్ని ఆ లెక్కలోంచి తీసేశారని. క్లాసులో ఈ పుస్తకం గురించి ఎన్నిసార్లు చెప్పి ఉంటానో! వసారాలోని మిషను గుర్తుకొచ్చింది మాత్రం నాన్న పోయాకే.

దినాలయ్యాక చుట్టాలొకావిడ "ఆ ఇంజను మగపిల్లాడెవరికైనా ఇచ్చెయ్యండొదినా, మీకెందుకు?" అంది. అమ్మ ఏమీ అనలేదు. ఆ సాయంత్రం షోకేసు తీసి, ఇంజనుని న్యూసుపేపరు మీద పెట్టి, మిషను సొరుగులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసింది. "ఇప్పేద్దామేటి?" అంది.

అడుగున నాలుగు స్క్రూలు. పైకప్పు ఊడి వచ్చింది. లోపల వేలెడంత మోటారు, దాని ఇరుసుకి మెలికల గేరు, ఆ గేరు తిప్పే పళ్ళచక్రాలు. వాటి మధ్య గ్రీజు గోధుమరంగు మైనంలా గట్టిపడిపోయింది. "నూనె ఎండి జిగురైపోనాది. నా మిషనుకీ ఇదే రోగం" అంది అమ్మ. దూదికి స్పిరిట్ అద్ది ఒక్కొక్క పన్నూ తుడిచాం. మోటారులో కరెంటు అందుకునే రాగి భాగం మసిబారి నల్లగా ఉంది. దాని మీద ఒరుసుకునే బొగ్గు బ్రష్షులు అరిగి రాల్చిన పొడి, సన్నటి గాడుల్లో ఇరుక్కుంది. నేను గుండుసూది తీశాను. "సూదెట్టకమ్మా, రాగి గీరుకుపోద్ది. చీపురుపుల్లట్టుకురా" అంది. కరెంటు పట్టాల నుంచి చక్రాల్లోకి, చక్రాల వెనక రాసుకునే రాగిరేకుల ద్వారా మోటారులోకి వస్తుందని నేను చెప్పాను. ఆ రేకులొకవైపు వంగిపోయి చక్రానికి తగలడం లేదని తనే కనిపెట్టింది. చివరికి ఇరుసులకి కుట్టుమిషను నూనె ఒక్కో చుక్క. "ఎక్కువేస్తే దుమ్ము పట్టేస్తాది."

తొమ్మిది వోల్టుల బ్యాటరీ తగిలిస్తే చక్రాలు తిరిగాయి. వైర్లు తారుమారు చేస్తే వెనక్కి తిరిగాయి. నాకు కళ్ళు చెమర్చాయి. అమ్మకి అంత ఆశ్చర్యమేమీ లేదు. నలభై ఏళ్ళుగా బాబిన్ దగ్గర దారప్పీచు తీసి, బెల్టు మార్చి, టెన్షన్ సరిచేసుకున్న మనిషికి ఇందులో కొత్తేముంది? "ఇన్నాళ్ళూ ఎందుకు విప్పలేదు మరి?" అనడిగాను. "అది మీ నాన్నది కదా" అంది.

ఆ జవాబు నన్ను చాలాకాలం వదల్లేదు. తెలియక కాదు, చేతకాక కాదు. వస్తువు ఎవరిదో దానిమీది జ్ఞానం కూడా వాళ్ళదే అన్న కట్టడి అది. సురేఖా యాదవ్ 1980ల చివరే మనదేశంలో తొలి మహిళా రైలు డ్రైవరయింది, 2023లో వందేభారత్ నడిపింది, 2025లో రిటైరయింది కూడా. అసలు ఇంజను నడిపే ఆడవాళ్ళని చూసి గర్వపడుతున్నాం, మంచిదే. కానీ ఇంట్లో మిక్సీ ఆగితే మొదట ఎవర్ని పిలుస్తున్నాం? మిక్సీ జారు రబ్బరు మార్చే చేతిని మెకానిక్కు అంటున్నామా? స్త్రీల శ్రమ గురించి రాసేటప్పుడు ఎన్ని గంటలు, ఎంత కూలి అని లెక్కేస్తాం. ఆ గంటల్లో పోగుపడిన తెలివిని కూడా రాసుకోవాలి.

ఇంజను ఇప్పుడు షోకేసులో లేదు, కుట్టుమిషను బల్ల మీద ఉంది. ఎవరికిద్దామని మొన్న అడిగితే అమ్మ అంది, "ఆడైనా మగైనా, ఇప్పి మళ్ళీ బిగించినోళ్ళకి."