ఎండలో దాచిన కూర

బతుకమ్మలు నీళ్లలో కలిసి, జమ్మి ఆకు చేతులు మారిందంటే చాలు... జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు డాబాలకు పని పడుతుంది. వానలు తగ్గుతాయి. గాలిలో తడి పోతుంది. ఇక సంక్రాంతి దాకా సంతల్లో వంకాయ, టమాట, గోకరకాయ, చిక్కుడు ఒకదాని వెంట ఒకటి కుప్పలు పడతాయి. ధర దిగిన ఆ రోజుల్లోనే ఎండాకాలానికి వరుగులు పెట్టేసుకోవాలి!

జగిత్యాల నుంచి నిజామాబాద్ వెళ్లే జాతీయ రహదారి మీదే ఉంటుంది కోరుట్ల. ఈ ప్రాంతంలో వరి, మక్కతో పాటు పసుపు బాగా పండుతుంది. పసుపు కొమ్ములను తవ్వి, ఉడికించి, ఎండబెట్టడం ఇక్కడి రైతుకు వెన్నతో పెట్టిన విద్య. వంటింట్లో వరుగుదీ అదే సూత్రం.

ఉడుకు.. ఉప్పు.. ఎండ

గోకరకాయ, చిక్కుడు లేతవి ఏరి, ఈనెలు తీసి, ఉప్పు వేసిన మరుగు నీళ్లలో రెండు మూడు నిమిషాలు ఉంచి తీస్తారు. దాంతో రంగు నిలుస్తుంది, త్వరగా ఎండుతుంది. టమాటలనైతే కోసి, ఉప్పు, పసుపు చల్లితే చాలు. పలుచటి బట్ట మీద మూడు నాలుగు ఎండలు పడాలి. విరిస్తే పటుక్కుమనాలి. వంగిందంటే లోపల తడి ఉన్నట్టే... బూజు పడుతుంది. వేడి మీదే డబ్బాలో పోసినా మూతకు చెమ్మ పట్టి పాడవుతుంది. చల్లారాకే మూత పెట్టాలి. మధ్య మధ్యలో మళ్లీ ఎండ చూపించాలి.

అన్నీ ఎండవు

సీతాఫలానికి ఈ ఉపాయం పనికిరాదు. కళ్లు విచ్చుకున్న కాయలను గడ్డిలో మగ్గపెడితే రెండు మూడు రోజుల్లో పండుతాయి, వెంటనే తినేయాలి. గుజ్జును వేడి చేస్తే చేదెక్కుతుంది. గింజలు తీసి ఫ్రీజర్‌లో పెట్టుకోవడమొక్కటే దారి. బూడిద గుమ్మడికాయది మరో తీరు. తొడిమ ఊడకుండా ఉట్టిలో వేలాడదీస్తే నెలల తరబడి చెక్కుచెదరదు. కార్తీకంలో వచ్చే ఉసిరిని ఉప్పు, పసుపుతో దంచి జాడీకెత్తుతారు. కావలసినప్పుడల్లా కొంచెం తీసి కారం కలిపి, వెల్లుల్లి తాలింపు వేస్తే తొక్కు సిద్ధం. తడి చెయ్యి మాత్రం తగలకూడదు!

మూటల్లో ప్రయాణం

కోరుట్ల నుంచి కథలాపూర్, వేములవాడ మీదుగా వెళితే సిరిసిల్ల. మరమగ్గాల ఊరు. మగ్గం ఆడితేనే కూలి, వెయ్యి బీడీలు చుడితేనే ఆ లెక్కకు డబ్బులు. పని ఆగిన వారం, ఎండాకాలంలో కూరగాయల ధర మండినప్పుడు, పప్పులో వేసిన గుప్పెడు వరుగులే ఆ పూట కూర. ఇక్కడి వాళ్లు ఎండబెట్టేది రుచి కోసమే కాదు మరి.

ఈ ఊళ్ల నుంచి వలస వెళ్లేవారూ ఎక్కువే. సిరిసిల్ల నేతన్నలకు భీవండి, ముంబయి. జగిత్యాల, కోరుట్ల యువకులకు దుబాయి, మస్కట్. సూట్‌కేసులో బట్టల మధ్య తొక్కు డబ్బా, వరుగుల పొట్లం తప్పనిసరి. డ్యూటీ దిగి నలుగురైదుగురు ఒకే గదిలో వండుకునే చోట వరుగులు ఎంతో అక్కరకొస్తాయి. బరువుండవు, చెడిపోవు. వేడి నీళ్లలో నానబెడితే చాలు, పొయ్యి మీద ఇట్టే మెత్తబడతాయి.

ఇప్పుడు ఫ్రిజ్‌లున్నాయి, ఏడాది పొడవునా టమాట దొరుకుతుంది. అయినా దసరా వెళ్లాక ఈ డాబాల మీద బట్టలు పరుచుకుంటూనే ఉన్నాయి. ఒక్కో బట్ట మీద ఇంట్లో వాళ్ల వాటాతో పాటు, దూరాన ఉన్న ఒకరి వాటా కూడా ఎండుతోంది.