తాత తుపాకీ

గోడ మీంచి దింపిన తాత తుపాకీ మంచం మీద పడుంది. జంట గొట్టాలు, మూతి నుంచి మందు దట్టించే రకం. పేల్చొచ్చా అని బావ ఒకటే పోరు.

మందుకి నిప్పందించే నిపుల్ మీద పేలుడు క్యాపు లేదని చూసుకుని, మూతికి పక్కగా నిలబడి మందు దట్టించే కడ్డీని మొదటి గొట్టంలో చివరంటా దించాను. బొటనవేలితో గుర్తు పెట్టి, బయట గొట్టానికి ఆనించి చూస్తే నిపుల్‌కి నాలుగు వేళ్లు ఇవతలే ఆగింది. రెండో గొట్టంలో సరిగ్గా దిగింది. అంటే మొదటి దాంట్లో తాత దట్టించిన మందు అలాగే ఉంది! నల్ల తుపాకిమందు తడవకపోతే దశాబ్దాలైనా చావదు. ఇన్నేళ్లూ దాని కిందే పడుకున్నాం.

తుపాకులు బాగుచేసే సాయిబుగారు పీకితే కొబ్బరిపీచు ఉండ, గుళ్లు, నల్లపొడి వచ్చాయి. టార్చి వేసి లోపల చూపించారు. సరిగ్గా మందు పేలే చోట మశూచి మచ్చల్లా గుంటలు. పైన మాత్రం అలలు అలలుగా ఎంత అందమో! డమాస్కస్ పని: ఇనుము, ఉక్కు పట్టీలు మెలేసి, కాల్చి, సమ్మెటతో అతికిన గొట్టం. అతుకులో తుప్పు దాగితే కంటికి దొరకదు.

అడుగున బర్మింగ్‌హామ్ ముద్ర ఉంది. 1813 చట్టంతో పుట్టిన పరీక్షశాల అది. మామూలు కంటే ఎక్కువ మందు పెట్టి పేల్చాకే ముద్ర. పాసైంది నిజమే, ఈ గుంటలు లేని రోజున.

"పొగలేని మందు పోస్తే చేతిలోనే చీలిపోద్ది బాబూ. నల్ల తుపాకిమందైనా నేను భుజానికి ఆనించను" అన్నారాయన.

బావకి ఫోన్‌లో చెప్పాను.

"సగం మందుతో?" అన్నాడు.