దళారి మాటలు

స్థలము చూపవచ్చిన దళారికి మౌనము పరమశత్రువు. కొనవచ్చినవాడు నిమిషము ఊరకున్నచో హద్దురాయి ఏది, నీరెక్కడ అని చూచును గదా! ఆ చూపును మాటలతో కప్పుటయే అతని విద్య. బస్తరులోని ఆవపల్లివంటి చోట అతడు తెలుగున ఆరంభించి హిందీలోనికి దిగును. రోడ్డు వచ్చుననును, ధర పెరుగుననును. చింతచెట్టు నీడకు సైతము వెల కట్టును. ఒక్కటి మాత్రము చెప్పడు. షెడ్యూల్డు ప్రాంతమున గిరిజనుని భూమిని గిరిజనేతరునకు అమ్మరాదని 1959 నాటి మధ్యప్రదేశ్ భూమి రెవెన్యూ కోడు, 165వ సెక్షనున, కట్టడి చేసినది. 2000లో ఛత్తీస్‌గఢ్ ఏర్పడిన పిదపను అది తొలగలేదు. గోండీ తప్ప వేరొకటి ఎరుగని రైతు ఆ చెట్టు క్రిందనే నిలిచి, తన పొలమునుగూర్చి ఇంతసేపు చెప్పుటకు ఏమున్నదాయని వినుచుండును.