విహంగ వీక్షణం

పక్షివలె ఆకాశమున నిలిచి తన ఊరిని తాను చూచుకోవాలనే కోరిక మానవునికి సహజమైనది. విమానాలు పుట్టకముందే అమెరికా పట్టణవాసులు ఈ కోరికను చిత్రపటాల ద్వారా తీర్చుకున్నారు. 1865లో అంతర్యుద్ధం ముగిసిన పిమ్మట అక్కడి పట్టణాలు త్వరితగతిని పెరిగినవి. వాటిని ఎంతో ఎత్తు నుండి చూచినట్లు చిత్రించి, శిలాముద్రణలో అచ్చువేసి, ఆయా పట్టణాల వారికే అమ్మేవారు. థాడియస్ ఫౌలర్ అనే చిత్రకారుడు ఒక్కడే 400కు పైగా ఇట్టి పటాలను రచించినాడు.

ఆశ్చర్యమేమనగా, ఆ చిత్రకారులు పటం కొరకు ఆకాశమునకు ఎగిరినవారు కారు. ముందుగా వీధుల నమూనాను కాగితంపై ఏటవాలుగా గీచుకొని, ప్రతి వీధీ కాలినడకన తిరిగి, ఒక్కొక్క ఇంటిని, చర్చిని, కర్మాగారాన్ని విడివిడిగా చిత్రించుకొని, తరువాత అన్నింటినీ ఒక్కచోట కూర్చేవారు. పక్షి చూపు వారికి పాదముల శ్రమ వలన లభించినది.

మన సీమకును ఇట్టి శ్రమ కొత్త కాదు. విలియం లాంబ్టన్ బృందం 1811లో గుత్తి సమీపమున ఆధారరేఖను కొలిచినది. నేలపై రేఖను కొలిచి, శిఖరముల నుండి కోణములను గణించి, దేశమునకు పటము కూర్చిన మహాకార్యంలో మన కొండలకూ పాలున్నది.

అయితే పటము అంతటినీ చెప్పదు. అమెరికా చిత్రములలో పొగగొట్టాలన్నీ పొగ చిమ్ముతూ, రైళ్లన్నీ పరుగెత్తుతూ ఉంటాయి. కట్టదలచిన భవనాలను సైతం కట్టినట్లే చూపిన పటాలున్నవి. పెట్టుబడిని, కొత్త నివాసులను ఆకర్షించుటయే వాటి ఉద్దేశము. అవి విరివిగా అచ్చగుచున్న ఆ కాలముననే, 1876-78 నాటి మహాక్షామం మన పల్లెలను శూన్యము చేసినది. ఆ శూన్యమును ఎవరు చిత్రించి, ఎవరికి అమ్మగలరు?

మా ఊరి గుట్ట ఎక్కి చూస్తే మిద్దెలన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. క్రిందికి దిగి నడిస్తేనే ఏ తలుపుకు తాళమున్నదో తెలుస్తుంది. వేరుశనగ ఎండిపోయిన ఏట మా చాచా కుటుంబం కట్టడపు పనులకై బెంగళూరు వెళ్లినది. ఆ నగరపు పటంలో ఒక కొత్త అంతస్తు పెరిగితే, మా వీధిలో ఒక దీపం తగ్గినది. మా దాదీ నేటికీ ప్రతి శుక్రవారం ఆ ఇంటి వాకిలి ఊడ్చి వస్తుంది. ఎందుకని అడిగితే, "వచ్చినవాళ్లకు ఇల్లు ఇల్లులా కనపడొద్దా?" అంటుంది.

విద్యార్థి మిత్రులారా! నేడు ఉపగ్రహ చిత్రములు మన చేతిలోని ఫోనులోనే ఉన్నవి. ఎత్తు సులభమైనది, నడకయే కరవైనది. రాబోవు సెలవులలో మీ ఊరి పటాన్ని మీరే గీయండి. చెరువును, మరువను, ఎండిన బావులను గుర్తించండి. తాళం వేసిన ప్రతి ఇంటి వద్ద ఆగి, అందులోనివారు ఏ ఏట, ఏ ఊరికి తరలిపోయినారో ఇరుగుపొరుగును అడిగి వ్రాయండి. అమ్ముడుపోకపోయినను, మన ఊరికి కావలసిన పటము అదియే.